మైక్రోవేవ్ యంత్రం పెడితే గోగునార షెడ్డు గాలిలో బ్యాక్టీరియా విషం తగ్గుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదండి: రాజాం దగ్గర గోగునారతో పురికొస తీసే చిన్న యూనిట్. కార్డింగ్ (నారని దువ్వే యంత్రం) దగ్గర పనిచేసేవాళ్లకి సోమవారం సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడి, చలి పుట్టి, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. మంగళ, బుధవారాలకి సర్దుకుంటోంది. ధూళిలో ఉన్న బ్యాక్టీరియా విషం వల్ల కావచ్చని డాక్టరు గారు అన్నారు. ఒకాయన మైక్రోవేవ్‌తో గాలిని శుద్ధి చేసే యంత్రం తెచ్చి, 99 శాతం బ్యాక్టీరియా చస్తుందని అంటున్నాడు. కొనొచ్చా? లేకపోతే పాత ఇంటి ఓవెన్లు రెండు డక్టుకి బిగించి మనమే చేసుకోవచ్చా?

కొనకండి. సొంతంగా చేయడం అసలే వద్దు. ఆయన చెప్పిన 99 శాతం నిజమే అయినా మీవాళ్ల జ్వరం తగ్గదు. బ్యాక్టీరియాని చంపడం వేరు, అది వదిలిన విషాన్ని పాడుచేయడం వేరు. ఆ డబ్బు కార్డింగ్ మీద ధూళి లాగే హుడ్డుకీ, హ్యుమిడిఫయర్ (షెడ్డులో తేమ కోసం నీళ్లు చిమ్మే యంత్రం) తొట్టికీ పెట్టండి.

ఆ విషం పేరు ఎండోటాక్సిన్. గ్రామ్ నెగటివ్ జాతి బ్యాక్టీరియా పైపొరలో ఉండే కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం. అది బ్యాక్టీరియా చేసే పని కాదు, దాని ఒంటి తొక్క. అందుకే బ్యాక్టీరియా చచ్చినా తొక్క మిగులుతుంది. 1890లలో రిచర్డ్ ఫైఫర్ కలరా క్రిముల్ని వేడిచేసి చంపి గినీ పందులకి ఎక్కించాడు, అయినా ఆ పందులు చచ్చిపోయాయి. ఈ పేరు అప్పుడు పెట్టిందే. పైగా కణం పగిలితే పొరలో అతుక్కున్నది విడిపోయి ఇంకా సులభంగా ఊపిరితిత్తుల్లో పని మొదలుపెడుతుంది.

దీనికి వేడి ఆనదు. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో) 121 డిగ్రీల ఆవిరి 15 నిమిషాలు పెడితే మొండి బీజాలు కూడా చస్తాయి, ఎండోటాక్సిన్ మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. ఇంజక్షన్ సీసాల మీద దాన్ని పోగొట్టడానికి ఫార్మా కంపెనీలు వాడే లెక్క పొడి వేడి 250 డిగ్రీలు, 30 నిమిషాలు. 180 డిగ్రీలైతే గంటల తరబడి పెట్టాలి. తడి వస్తువుని మైక్రోవేవ్‌లో పెడితే నీళ్లున్నంతసేపూ అది 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది.

ఇక గాలిని వేడిచేసే లెక్క. మైక్రోవేవ్ నీటినీ, నీరున్న వస్తువునీ వేడిచేస్తుంది. గాలి దాన్ని దాదాపు పీల్చుకోదు. గాలిలో ఎగిరే 10 మైక్రాన్ల ధూళి రేణువు కాస్త పీల్చుకున్నా, ఆ వేడిని ఒక మిల్లీసెకను లోపే చుట్టూ ఉన్న గాలికి ఇచ్చేస్తుంది. అంటే రేణువు 250 డిగ్రీలకి చేరాలంటే గాలి మొత్తాన్నీ ఆ వేడికి తేవాలి. గంటకి 1,000 ఘనమీటర్ల గాలి అంటే సుమారు 1,200 కిలోలు. దాన్ని 30 నుంచి 250 డిగ్రీలకి తేవడానికి దాదాపు 74 కిలోవాట్లు కావాలి. మాగ్నెట్రాన్ (మైక్రోవేవ్ పుట్టించే భాగం) తీసుకున్న కరెంటులో సగం, సగానికి కాస్త పైన మాత్రమే మైక్రోవేవ్‌గా బయటికి వస్తుంది కాబట్టి మీటరు దగ్గర 120 కిలోవాట్లు పైమాటే. 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉన్న షెడ్డులో గంటకి ఆరుసార్లు గాలి మార్చాలంటే ఈ లెక్కని ఆరుతో గుణించుకోండి. ఆయన చూపించే పెట్టెకి ఎన్ని వాట్లో బ్రోచరులో చూస్తే విషయం తేలిపోతుంది.

సమయం కూడా సరిపోదు. 30 సెంటీమీటర్ల చదరం, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న గదిలోంచి సెకనుకి 2 మీటర్ల వేగంతో గాలి పోతే అది లోపల ఉండేది 0.3 సెకను. కావలసింది నిమిషాలు. వేడి బాగా పెంచితే సమయం తగ్గించొచ్చు, నిజమే, అప్పుడు కరెంటు ఇంకా పెరుగుతుంది. గోగునార 200 డిగ్రీలు దాటితే రంగు మారి మాడడం మొదలవుతుంది. కార్డింగ్ ధూళిని వేడి గదిలోకి పంపడమంటే నిప్పు దగ్గరికి పంపడమే. జూట్ మిల్లుల్లో పనిచేసినవాళ్లకి ఈ ముక్క విడమరచి చెప్పక్కర్లేదు.

ప్రయోగశాలల్లో బ్యాక్టీరియా, బూజు రేణువుల్ని మైక్రోవేవ్‌లోంచి పంపి, బతికినవి తగ్గాయని చూపించిన పరిశోధనలు ఉన్నాయి. వాటిని తప్పుపట్టడం లేదు. అవి కొలిచింది ప్రధానంగా ప్లేటు మీద మొలిచే బ్యాక్టీరియాని. అమ్మేవాళ్లు తెచ్చే రిపోర్టులు కూడా ఇలాంటివే ఉంటాయి: పెట్రీ ప్లేటు ఫోటోలు, ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా. ఆయన్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "యంత్రానికి ముందూ తర్వాతా ఎల్ఏఎల్ పరీక్షలో ఘనమీటరుకి ఎన్ని ఎండోటాక్సిన్ యూనిట్లు?" ఎల్ఏఎల్ అంటే ఎండోటాక్సిన్ ఎంతుందో కొలిచే పరీక్ష. జవాబు కాగితం మీద ఉండాలి, నోటితో కాదు.

ఇంకో రకం యంత్రం ఉంది. ఫిల్టరులో గాలిని పట్టి, వెనక సిలికాన్ కార్బైడ్ పలక పెట్టి, మైక్రోవేవ్‌తో ఆ పలకని వేడెక్కించి ఫిల్టరుని కాలుస్తారు. గాలిని వేడిచేయడం కన్నా ఇది తెలివైన పద్ధతే, ఎందుకంటే ధూళి ఒకచోట ఆగి ఉంటుంది, సమయం దొరుకుతుంది. ఆసుపత్రి గాలిలో, అంటే ధూళి తక్కువ ఉన్నచోట, వైరస్ కోసమైతే ఆలోచించొచ్చు. మీ షెడ్డులో ఆ ఫిల్టరు మీద ఒక షిఫ్టులోనే నార దుప్పటిలా పేరుకుంటుంది. మామూలు ఫిల్టర్లలో ఉండే పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. గ్లాసు ఫైబరు తట్టుకుంటుంది, కానీ దాని మీద పేరుకున్న నార తట్టుకోదు. అసలు ఫిల్టరు పట్టేసిన ధూళిని మళ్లీ కాల్చడం ఎందుకు? తడిపి, సంచిలో కట్టి, బయట పారేస్తే సరిపోతుంది.

పాత ఓవెన్ల సంగతి. ఇది ప్రమాదం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఇంటి ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, తరంగం పొడవు 12.2 సెంటీమీటర్లు. ఓవెన్ గోడకి కన్నం పెట్టి డక్టు బిగిస్తే, గుండ్రటి లోహపు గొట్టం వ్యాసం సుమారు 7 సెంటీమీటర్లు దాటగానే మైక్రోవేవ్ అందులోంచి బయటికి నడిచివస్తుంది. ఆపాలంటే 3 సెంటీమీటర్ల లోపు లోహపు గొట్టాలు, వ్యాసానికి మూడు రెట్ల పొడవున, ఓవెన్ ఒంటికి చుట్టూ ఖాళీ లేకుండా వెల్డు చేసి ఉండాలి. ఆ గొట్టంలోంచి ఒక్క వైరు బయటికి వచ్చినా ఆ అడ్డు పనిచేయదు. అంత సన్నటి గొట్టాల్లోంచి షెడ్డు గాలి పోదు. పెద్ద డక్టుకి రెండు వైపులా సన్న కన్నాల జాలీ వేయాలంటారా, గంటలో నార అల్లుకుని గాలి ఆగిపోతుంది. ఓవెన్ ఉపరితలానికి 5 సెంటీమీటర్ల దూరంలో లీకు చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు దాటకూడదన్నది ప్రామాణిక పరిమితి. చేత్తో చేసినదానికి ఆ పరిమితి నిలవదు, లీకు కంటికి కనబడదు, వాసన రాదు. ముందు దెబ్బతినేది కన్ను.

ఇంకోటి, లోపల పీల్చుకునేదేమీ లేకపోతే మైక్రోవేవ్ తిరిగి మాగ్నెట్రాన్ మీదికే వస్తుంది. ఖాళీ ఓవెన్ నడపొద్దని కంపెనీలు రాసేది అందుకే. గాలి కోసం నడపడమంటే రోజంతా ఖాళీగా నడపడమే. లోపల 4,000 వోల్టుల దాకా ఉండే సర్క్యూటు ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత ఛార్జి మిగిలి ఉండొచ్చు. ఓవెన్ మూత విప్పి ప్రయోగాలు చేయించొద్దండి, ఎలక్ట్రీషియన్ ఎంత పనివాడైనా సరే.

మైక్రోవేవ్ పనికొచ్చే చోటు లేకపోలేదు. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు ఆసుపత్రి చెత్తని మైక్రోవేవ్ చేయడానికి ఒప్పుకుంటాయి. అక్కడ చెత్తని ముక్కలు చేసి, తడిపి, వంద డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతారు. వాళ్లకి కావలసింది క్రిమి చావడం, అది జరుగుతుంది. మీకు కావలసింది వేరు.

సరే, ఏం చేయాలి? విషం ఎక్కణ్ణుంచి వస్తోందో అటునుంచి మొదలుపెడదాం.

నార. మన ప్రాంతంలో గోగుని చెరువుల్లో, గుంటల్లో ఊరేసి పీచు తీస్తారు. ఊరడమంటేనే బ్యాక్టీరియా పని. ఆ తర్వాత ఎంత శుభ్రంగా కడిగారు, ఎంత తొందరగా ఆరబెట్టారు అన్నదాని మీద ధూళి ఉంటుంది. మట్టిగడ్డలతో తొక్కిపెట్టి ఊరేసిన నార, రోడ్డు మీద ఆరబెట్టిన నార రెండింట్లోనూ మట్టి ఎక్కువ. దండెం మీద ఆరింది మంచిది. బేలు విప్పాక మొదళ్ల వైపు చూడండి, నల్లగా బంకగా ఉన్న మొదళ్లని కోసి వేరుచేయండి. మట్టి, గోగు బెరడు ఎక్కువగా అక్కడే ఉంటాయి. తేమ మీటరు పెట్టి 18 శాతం దాటిన బేళ్లని లోపల గోడౌన్‌లో పేర్చొద్దు. బూజు వాసన వస్తున్న బేలు తక్కువ ధరకి దొరికినా అది మీకు కార్డింగ్ దగ్గర ఖర్చు పెడుతుంది.

ఎమల్షన్, పైలింగ్. సాఫ్ట్‌నర్ (నారని మెత్తబరిచే యంత్రం) దగ్గర చల్లే నూనె-నీళ్ల ఎమల్షన్ నిలవ ఉంటే పులుస్తుంది. రోజు వాడేంత మాత్రమే కలపండి. తొట్టి, పైపులు, నాజిల్స్ వారానికోసారి ఖాళీచేసి బ్రష్షుతో తోమాలి. పైలింగ్‌లో, అంటే ఎమల్షన్ చల్లిన నారని కుప్పగా పెట్టి ఉంచినప్పుడు, నార వేడెక్కడం మామూలే, మెత్తబడేది అలాగే. కానీ ఆర్డరు లేదని నాలుగైదు రోజులు కుప్ప వదిలేస్తే లోపల బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. ఆ కుప్ప విప్పినప్పుడు, ఆ నార కార్డింగ్‌కి ఎక్కినప్పుడు వచ్చే ధూళి ఘాటు వేరు. శనివారం పైలింగ్ పెట్టి సోమవారం విప్పుతున్నారేమో ఒకసారి చూసుకోండి. సోమవారం జ్వరానికి ఒక కారణం అదీ కావచ్చు.

హ్యుమిడిఫయర్. నా అనుమానం ఎక్కువగా దీని మీదే. మీరు ప్రశ్నలో దీని ఊసే ఎత్తలేదు. నూలు తెగకుండా షెడ్డులో తేమ 70 శాతం పైన ఉంచడానికి నీళ్లు చిమ్మే యంత్రం ఉంటుంది కదా, అందులో అవే నీళ్లు తిరిగి తిరిగి వస్తుంటే తొట్టి గోడలకి జిగురు పడుతుంది. ఆ జిగురు సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా కాపురం. ఆదివారమంతా నిలవ ఉన్న నీళ్లని సోమవారం పొద్దున్నే గాలిలోకి చిమ్ముతారు. హ్యుమిడిఫయర్ జ్వరం అని దీనికి వైద్యంలో పేరే ఉంది.

చేయాల్సింది:

శనివారం షిఫ్టు అవగానే తొట్టి మొత్తం ఖాళీ చేసి, జిగురు పోయేదాకా తోమి కడగండి. ఈ తోమడం ముందే జరగాలి. తర్వాత నీళ్లు నింపి, ప్రతి 1,000 లీటర్లకి తాజా బ్లీచింగ్ పౌడర్ 170 గ్రాములు (అందులో 30 శాతం క్లోరిన్ ఉందనుకుంటే లీటరుకి 50 మిల్లీగ్రాములు వస్తుంది) విడిగా కలిపి తేర్చి, తేటనీళ్లు మాత్రం పోయండి. ఫ్యాను ఆపి, పంపు మాత్రం ఒక గంట తిప్పి వదిలేయండి. రెండుసార్లు మంచి నీళ్లతో కడిగి ఆదివారమంతా ఎండనివ్వండి. సోమవారం కొత్త నీళ్లు.

ఫ్యాను నడుస్తుండగా బ్లీచింగ్ గానీ ఇంకే మందు గానీ కలపొద్దు, అది నేరుగా జనం ఊపిరిలోకి పోతుంది. తోమకుండా ఒట్టి క్లోరిన్ పోస్తే బ్యాక్టీరియా చచ్చి, తొక్కలన్నీ నీళ్లలోనే ఉండిపోతాయి. పైన చెప్పిన మైక్రోవేవ్ కథే ఇక్కడ కూడా.

ఖర్చు లేని పని కాబట్టి ముందు ఇదే చేసి మూడు నాలుగు సోమవారాలు చూడండి.

కార్డింగ్ హుడ్డు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. ఎండోటాక్సిన్ గాలిలో ఒంటరిగా తిరగదు, ధూళి రేణువుల మీద ఎక్కి తిరుగుతుంది. ధూళిని పడితే అదీ దొరుకుతుంది. హుడ్డు విషయంలో అందరూ పెద్ద ఫ్యాను కొంటారు గానీ దూరం చూసుకోరు. 60 బై 30 సెంటీమీటర్ల నోరున్న హుడ్డు, ధూళి లేచే చోట సెకనుకి 0.75 మీటరు లాగుడు కావాలనుకుందాం. హుడ్డు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే గంటకి సుమారు 2,900 ఘనమీటర్ల గాలి లాగాలి. అదే 15 సెంటీమీటర్లకి దగ్గర చేస్తే 1,100 చాలు. షెడ్డు పైకప్పుకి బిగించిన ఎగ్జాస్టు ఫ్యాను ఎందుకు పనిచేయదో ఈ లెక్కలోనే ఉంది. పైగా అది ధూళిని పనివాడి ముక్కు ముందునుంచి పైకి లాగుతుంది.

డక్టులో వేగం సెకనుకి 15 నుంచి 20 మీటర్లు ఉండాలి, తగ్గితే నార అడుగున కూర్చుని మూసుకుపోతుంది. 1,100 ఘనమీటర్లకి 15 సెంటీమీటర్ల (6 అంగుళాల) గొట్టం సరిపోతుంది. వంపులు మెల్లగా తిప్పండి, వంపు దగ్గర శుభ్రం చేసుకునే తలుపు ఉంచండి. చివర గుడ్డసంచుల ఫిల్టరు. నిమిషానికి 18 ఘనమీటర్లకి 12 చదరపు మీటర్ల పాలిస్టరు నీడిల్ ఫెల్ట్ పెడితే సుఖంగా నడుస్తుంది, అంటే 15 సెంటీమీటర్ల వ్యాసం, 2.4 మీటర్ల పొడవున్న సంచులు 11 నుంచి 12. ఫ్యాను ఫిల్టరు తర్వాత పెట్టండి. ముందు పెడితే రెక్కలకి నార చుట్టుకుంటుంది, నిప్పురవ్వ పుడితే సంచుల్లోకే పోతుంది. డక్టు మొత్తానికి ఎర్తింగ్ తప్పనిసరి. ఫిల్టరు దాటిన గాలిని బయటికి వదలండి. తేమ పోతుందని లోపలికే తిప్పాలనుకుంటే వెనక ఇంకో సన్న ఫిల్టరు కావాలి. హెచ్-13 రకం 99.95 శాతం పడుతుంది కానీ ఖరీదు, మార్చే ఖర్చు లెక్కేసుకోండి.

ఊడ్చడం. షిఫ్టు చివర కంప్రెసర్ గాలితో యంత్రాలు ఊదే అలవాటు ఉంటే ఈరోజే ఆపించండి. రోజంతా యంత్రాల మీద పేరుకున్న ధూళిని ఆ పది నిమిషాలు మళ్లీ గాలిలోకి లేపుతాయి. వాక్యూమ్ వాడండి, లేదా తడిగుడ్డతో తుడవండి.

మాస్కు సంగతి: మూతికి తువ్వాలు చుట్టుకుంటే పెద్ద నార ఆగుతుంది, సన్న ధూళి ఆగదు. ఎన్-95 లేదా ఎఫ్ఎఫ్‌పీ-2 ఇవ్వండి, గడ్డం ఉంటే అతకదు. మైక్రోవేవ్‌లో పెట్టి మళ్లీ వాడటం వద్దు, ముక్కు మీద లోహపు పట్టీకి మెరుపులు వస్తాయి.

కొలవడం. మార్పు వచ్చిందో లేదో ప్లేటు మీద చూడొద్దు. 37 మిల్లీమీటర్ల గ్లాసు ఫైబరు ఫిల్టరు క్యాసెట్టు పనివాడి కాలరుకి తగిలించి, నిమిషానికి 2 లీటర్ల పంపుతో 8 గంటలు నడిపితే 960 లీటర్ల గాలి వస్తుంది. దానితోపాటు గాలి పంపని ఖాళీ ఫిల్టరు ఒకటి పంపండి. మందుల కంపెనీలకి బ్యాక్టీరియల్ ఎండోటాక్సిన్ పరీక్ష చేసే ల్యాబులు విశాఖలో, హైదరాబాదులో దొరుకుతాయి. ఇంజక్షన్లకి చేసినట్టే ధూళికీ చేస్తే లెక్క తప్పొచ్చు, అందుకని రెండు విషయాలు ముందే చెప్పండి. ఒకటి, మొక్కల పీచు, బూజులో ఉండే బీటా గ్లూకాన్ అనే పదార్థం ఎల్ఏఎల్‌ని మోసం చేసి ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి గ్లూకాన్‌ని అడ్డుకునే బఫరు గానీ రీకాంబినెంట్ ఫ్యాక్టర్-సి పద్ధతి గానీ వాడమనాలి. రెండు, నమూనాలో తెలిసినంత ఎండోటాక్సిన్ కలిపి 50 నుంచి 200 శాతం మధ్య తిరిగి వస్తోందో లేదో చూడమనాలి. పోల్చుకోవడానికి నెదర్లాండ్స్ వాళ్లు 2010లో సూచించిన హద్దు ఘనమీటరుకి 90 యూనిట్లు, 8 గంటల సగటు మీద. బరువులో చెప్పాలంటే 9 నానోగ్రాములు. హుడ్డు పెట్టకముందు ఒకటి, పెట్టాక ఒకటి, రెండూ సోమవారమే తీయించండి.

చివరిగా మనుషుల విషయం. ధూళికి సంబంధించిన జ్వరమైతే షిఫ్టు మొదలైన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో వచ్చి, మర్నాటికి తగ్గుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే ధూళి అనుకుని కూర్చోకుండా దగ్గర్లోని పీహెచ్‌సీలో కఫం పరీక్ష చేయించండి, అది టీబీ కావచ్చు. ఛాతీ పట్టేస్తున్నవాళ్లకి సోమవారం షిఫ్టుకి ముందూ తర్వాతా స్పైరోమెట్రీ (ఎంత గాలి ఊదగలరో కొలిచే పరీక్ష) చేయించాలి. మొదటి సెకనులో ఊదే గాలి 10 శాతానికి మించి పడిపోతే ఆ మనిషిని కార్డింగ్ నుంచి మార్చండి, డాక్టరుకి చూపించండి. పత్తి, అవిసె, హెంప్ (గంజాయి జాతి నార) ధూళితో వచ్చే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోనే (ప్రభుత్వానికి తెలపాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో) ఉండేది. గోగు, జూట్ ధూళితో అది పత్తి అంత గట్టిగా రుజువు కాలేదు గానీ, సోమవారం లక్షణం కనిపిస్తుంటే డాక్టరుకి ఆ పేరు చెప్పి అడగడంలో తప్పులేదు.

మీ హ్యుమిడిఫయర్ నీళ్లు తిరిగి వాడేదా, ఒకసారి చిమ్మి వదిలేదా? కార్డింగ్ యంత్రాలు ఎన్ని, పైన ఇప్పుడున్న ఫ్యాను ఎన్ని హెచ్‌పీ? ఇవి రాస్తే హుడ్డు, డక్టు సైజులు మీ షెడ్డుకి సరిపోయేలా లెక్కేసి చెప్తాను.